పాత చైన్‌సా కొనేముందు, నడిపేముందు

వారమంతా తెర ముందు కూర్చుని పనిచేసే ఉద్యోగికి శని, ఆదివారాల్లో చేతులకు మసి అంటుకునే పని ఒకటి ఉండాలని నా నమ్మకం. అమెరికాలోనో కెనడాలోనో సొంతిల్లు, దానికో గరాజ్ ఉన్న తెలుగువాళ్ళు ఏం మొదలుపెట్టమంటారని అడిగితే నేను పాత చైన్‌సాల పేరే చెబుతాను. సుమారు 1950 నుంచి 1985 దాకా తయారైన పెట్రోలు రంపాలను వెతికి తెచ్చుకోవడం, బాగుచేసుకోవడం, అప్పుడప్పుడు ఒక దుంగ మీద నడిపి చూడడం. ఖర్చు తక్కువ, చోటు తక్కువ, నేర్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. ప్రమాదమూ ఉంది. దాని గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

ఇది మనకు బొత్తిగా కొత్త విద్యేమీ కాదు. నలభై దాటినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో బజాజ్ చేతక్ స్కూటరో, లూనానో, రాజ్‌దూత్ బండో ఉండేది. బంకులో పెట్రోలుతోపాటు 2టీ ఆయిలు పోయించడం, పొద్దున్నే స్టార్టు కాకపోతే స్కూటరును పక్కకు వంచడం, ప్లగ్గు ఊడదీసి మసి గీకడం, పాయింట్లు రుద్దడం చూస్తూ పెరిగాం. పాత చైన్‌సా ఇంజను ఆ కుటుంబానిదే. టూ స్ట్రోక్, ఒకే సిలిండరు, పాయింట్లు, కండెన్సరు. తేడా కార్బ్యురేటరులో ఉంది. స్కూటరుకు ఫ్లోటు ఉంటుంది, చైన్‌సాకు డయాఫ్రం ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే చైన్‌సా చరిత్ర సగం తెలిసినట్టే. ఫ్లోటు కార్బ్యురేటరు నిటారుగా ఉంటేనే పనిచేస్తుంది. అందుకే తొలినాళ్ళ రంపాల్లో చెట్టును అడ్డంగా కొయ్యాలంటే ఇంజనును నిటారుగా ఉంచి, చైన్ తిరిగే బార్‌ను మాత్రం తిప్పుకోవాల్సి వచ్చేది. సన్నని పొర మీద నడిచే టిల్లాట్‌సన్ డయాఫ్రం కార్బ్యురేటర్లు వచ్చాక రంపాన్ని ఎటు వంచినా ఇంజను ఆగకుండా తిరిగింది. ఒక్క మనిషి మోసుకెళ్ళే చైన్‌సా నిజంగా నిలదొక్కుకున్నది అప్పుడే.

ముందే ఒక మాట తేల్చేస్తాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. పాత రంపాన్ని నడపాలి, దానితో పని చేయకూడదు. పెరట్లో చెట్టు కొట్టాలన్నా, గాలివానకు కూలిన కొమ్మలు తీయాలన్నా రంపం మీదికి ఎగిరినప్పుడు చైన్‌ను ఆపే చైన్ బ్రేకు ఉన్న కొత్త రంపం వాడండి, లేదా చెట్ల పనివాళ్ళను పిలవండి. 2024 నవంబరు 19 రాత్రి వీచిన పెనుగాలికి సియాటెల్ చుట్టుపక్కల, బెల్‌వ్యూ, ఇసాక్వా లాంటి ఊళ్ళలో పెద్ద పెద్ద చెట్లు ఇళ్ళ మీద, కరెంటు తీగల మీద కూలాయి. తెలుగువాళ్ళు బాగా ఉన్న ప్రాంతాలవి. అలా పడ్డ చెట్టు కొమ్మలు విల్లులా వంగి బిగుసుకుని ఉంటాయి. ఎక్కడ కోస్తే ఎటు ఎగురుతాయో అనుభవం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అక్కడికి 1960ల నాటి రంపాన్ని పట్టుకెళ్ళడం సరదా కాదు, సాహసమూ కాదు. తెలివితక్కువ.

ఏ కాలం రంపం, ఏ కంపెనీ

చైన్‌సా మొదట జర్మనీలో కుదురుకుంది. ఆండ్రియాస్ స్టిల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో కంపెనీ పెట్టి కరెంటుతో నడిచే రంపం చేశాడు. అది ఇద్దరు మోసే బరువు. మూడేళ్ళకు పెట్రోలు రంపం వచ్చింది. ఎమిల్ లెర్ప్ 1927లో తన పెట్రోలు రంపాన్ని థురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించాడు, కంపెనీకి ఆ కొండ పేరే నిలిచింది. కానీ సేకరించేవాళ్ళకు అసలు పంట రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పండింది. పశ్చిమ తీరంలో డగ్లస్ ఫర్ చెట్లు, దక్షిణాన కాగితం మిల్లులకు పైన్ కలప. రంపాలకు గిరాకీ పెరిగి కంపెనీలు పుట్టుకొచ్చాయి.

వాటిలో మెకల్లక్ గురించి తెలుసుకోవాలి. లాస్ ఏంజిలిస్‌లో రాబర్ట్ మెకల్లక్ 1949లో తెచ్చిన 3-25 అనే రంపం బరువు 25 పౌండ్లు, అంటే పదకొండు కిలోల పైనే. ఒక్క మనిషి పట్టుకుని కొయ్యగలిగిన రంపంగా అది పేరు తెచ్చుకుంది. ఈయనే తర్వాత అరిజోనా ఎడారిలో లేక్ హవాసు సిటీ అనే ఊరు కట్టించాడు. 1968లో పాత లండన్ బ్రిడ్జిని దాదాపు 25 లక్షల డాలర్లకు కొని, రాయి రాయిగా విప్పించి తెచ్చి ఆ ఊళ్ళో నిలబెట్టాడు. ఆ డబ్బులో రంపాలు సంపాదించి పెట్టినది చాలానే ఉంది. మెకల్లక్ 10-10 అనే పసుపు రంపం ఇప్పటికీ అమెరికాలో గరాజ్ సేల్‌లలో కనిపిస్తుంది. 54 సీసీ, మెగ్నీషియం ఒళ్ళు, చెవులు చిల్లులు పడే గొంతు.

న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హోమ్‌లైట్ కంపెనీ 1963లో ఎక్స్‌ఎల్-12 తెచ్చింది. బార్, చైన్ లేకుండా దాని బరువు 12 పౌండ్ల 12 ఔన్సులు, కిలోల్లో ఆరుకు లోపే. అప్పటికి అది ఎవరూ ఊహించనంత తేలిక. విపరీతంగా అమ్ముడుపోయింది, కాబట్టి ఈరోజుకీ దొరుకుతుంది. ముఖ్యమైన సంగతి, దానికి విడిభాగాలు కూడా దొరుకుతాయి. స్టిల్ కంపెనీ 1959లో తెచ్చిన కాంట్రా గేర్లు లేకుండా నేరుగా చైన్‌ను తిప్పిన రంపం, 12 కిలోలు, 6 హార్స్‌పవర్. దీన్ని అమెరికాలో లైట్నింగ్ పేరుతో అమ్మారు. స్వీడన్‌లో, 1689లో తుపాకుల కర్మాగారంగా మొదలైన హస్క్‌వర్నా కూడా తన మొదటి చైన్‌సాను ఆ 1959లోనే తెచ్చింది.

ఇవన్నీ చదివాక పెద్ద రంపం మీద మనసు పోతుంది. మెకల్లక్ 125 లాంటి 123 సీసీ రాక్షసులు, స్టిల్ 090, గేర్లున్న ముసలి రంపాలు. మొదటి రంపంగా అవి వద్దు. ధర ఎక్కువ, భాగాలు దొరకవు, స్టార్టరు తాడు లాగినప్పుడు వెనక్కి తన్ని మణికట్టు పట్టేస్తుంది. హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12, మెకల్లక్ 10-10 వరస, స్టిల్ 041, హస్క్‌వర్నా 61. ఈ నాలుగింటిలో ఏది నడిచే స్థితికి దగ్గరగా కనిపిస్తే దానితో మొదలుపెట్టండి. హస్క్‌వర్నా 61 మిగతావాటికంటే చిన్నది వయసులో. దానికి కొత్త సిలిండరు, పిస్టన్ కూడా బజారులో ఉన్నాయి. మంచి గురువు కావాలంటే మాత్రం పాయింట్లున్న ఎక్స్‌ఎల్-12నే తెచ్చుకోమంటాను. లోపల దాచుకున్నదేమీ ఉండదు, అన్నీ కంటికి కనిపిస్తాయి.

అమ్మేవాళ్ళ వాకిట్లో

పాతవి దొరికే చోట్లు అందరికీ తెలిసినవే. ఎవరైనా పెద్దాయన పోయాక సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లు, ఆదివారం సంతలు, పాత ఇంజన్ల జాతరలు. ఇండియానాలోని పోర్ట్‌లాండ్ ఊళ్ళో ఏటా ఆగస్టు ఆఖరులో పాత ఇంజన్ల పెద్ద ప్రదర్శన జరుగుతుంది. మినెసోటాలోని రోలాగ్‌లో లేబర్ డే సెలవుల్లో పాత ఆవిరి యంత్రాల మేళా జరుగుతుంది. ఒక్కసారి అలాంటి చోటికి పిల్లలతో వెళ్ళి చూడండి, కొనకపోయినా పరవాలేదు.

‘పోయినేడాది నడిచింది’ అనే మాటకు విలువ ఇవ్వకండి. అమ్మేవాళ్ళు అబద్ధం చెబుతారని కాదు, వాళ్ళకూ గుర్తుండదు. మీ చేతులతో మీరే చూసుకోవాలి. రంపాన్ని స్టార్టరు పిడితో పట్టుకుని గాలిలో వేలాడదీయండి. లోపల కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి, మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. సర్రున జారిపోతే రింగులు అరిగినట్టే. రంపానికి కంప్రెషన్‌ను వదిలేసే రిలీజ్ మీట ఉంటే అది నొక్కి లేదని ముందు చూసుకోండి. తర్వాత సైలెన్సరు విప్పడానికి అనుమతి అడగండి. రెండు బోల్టులే. ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ పక్క కనిపిస్తుంది. నున్నగా, నిలువు గీతలు లేకుండా ఉంటే కొనవచ్చు. గోళ్ళతో గీరినట్టు ఉంటే అది ఎప్పుడో ఆయిలు లేని పెట్రోలుతో నడిచిన బండి, ధర ఎంత తగ్గించినా భాగాల కోసం తప్ప కొనకండి. ఒకవేళ సైలెన్సరు విప్పనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కంప్రెషన్ గేజీ వెంట ఉంటే ఇంకా మంచిది. 150 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటే ఆరోగ్యం, 110 కంటే తక్కువైతే రింగుల ఖర్చు ఉందనుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కార్ల కోసం చేసిన గేజీల్లో కొన్నింటికి గాలిని ఆపే వాల్వు గొట్టం మొదట్లో కాకుండా గేజీ దగ్గర ఉంటుంది. చిన్న సిలిండరులోని గాలి ఆ పొడవైన గొట్టం నింపడానికే సరిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. వాల్వు ప్లగ్గు రంధ్రం దగ్గరే ఉండే గేజీ కొనుక్కోండి, లేకపోతే బంగారంలాంటి రంపాన్ని పాడైపోయిందనుకుని వదిలేస్తారు.

పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. వార్నిష్ వాసన వస్తే కార్బ్యురేటరు మొత్తం శుభ్రం చేయాలి, అది భయపడాల్సిన పని కాదు. ట్యాంకు లోపల తెల్లని పొడి పేరుకుని గుంటలు పడి ఉంటే మాత్రం తుప్పు మెగ్నీషియాన్ని తినేసింది, చిల్లి పడే రోజు దగ్గర్లో ఉంది. చివరగా చైన్ పిచ్. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. 3/8 అంగుళం, .404 అంగుళం అయితే చైన్ సులువుగానే దొరుకుతుంది. 7/16, 1/2 అంగుళాలైతే చైన్ కోసం మీరే ఊళ్ళు తిరగాలి.

మొదటి పది గంటలు

ఇంటికి తెచ్చాక వెంటనే పెట్రోలు పోసి తాడు లాగకండి. ఎండిపోయిన సిలిండరు పొడిగా రాచుకుంటుంది. ప్లగ్గు తీసి కాసిన్ని చుక్కలు టూ స్ట్రోక్ ఆయిలు వేసి, మెల్లగా రెండు మూడుసార్లు తిప్పండి. తర్వాత నిప్పురవ్వ వస్తుందో లేదో చూడండి. రాకపోతే కొత్త కాయిల్ కొనేయాలనిపిస్తుంది. ఆగండి. పాత రంపాల్లో రవ్వ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం పాయింట్ల మీద పట్టిన కిలుము. ఫ్లైవీల్ కింద ఉంటాయి కాబట్టి చాలామంది అక్కడిదాకా పోరు. ఫ్లైవీల్‌ను తియ్యడానికి పుల్లర్ వాడండి, సుత్తితో కొట్టకండి. సుత్తి దెబ్బకు ఫ్లైవీల్ పగులుతుంది, దాని రెక్కలు విరుగుతాయి. పాయింట్లను సన్నని ఎమెరీతో ఒకసారి లాగి, ఆల్కహాలులో తడిపిన గట్టి కాగితంతో తుడిచి, మధ్య ఖాళీని మాన్యువల్ ప్రకారం పెట్టండి. చాలా రంపాలకు అది .015 అంగుళం దరిదాపుల్లో ఉంటుంది. కాయిల్‌కి, ఫ్లైవీల్‌కి మధ్య విజిటింగ్ కార్డు మందం చాలు.

రవ్వ వచ్చిందంటే సగం పని అయినట్టు. మిగతా సగం కార్బ్యురేటరు. టిల్లాట్‌సన్ హెచ్ఎల్, హెచ్ఎస్, వాల్‌బ్రో. ఈ పేర్లున్న కార్బ్యురేటర్లకు డయాఫ్రం, గాస్కెట్లు, సూది ఉన్న కిట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. విప్పేటప్పుడు ప్రతి మెట్టుకూ ఫోనుతో ఫొటో తీయండి. గట్టిపడ్డ పెట్రోలు గొట్టం, ట్యాంకులోని ఫిల్టరు ఒకేసారి మార్చేయండి. తర్వాత ఎక్కువ వేగానికి హెచ్, తక్కువ వేగానికి ఎల్ అనే రెండు స్క్రూలను మెల్లగా మూసి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పితే సాధారణంగా స్టార్టవుతుంది. హెచ్ స్క్రూను చెవితో సరిచేయాలి. ఖాళీగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు గరగరమని తడబడుతున్న శబ్దం రావాలి, చెక్కలో దిగగానే ఆ తడబాటు పోయి గొంతు శుభ్రం కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే కీచుమని సన్నగా కూస్తుంటే పెట్రోలు తక్కువ అందుతోంది, వెంటనే ఆపండి. ఆ కూత విని మురిసిపోయినవాళ్ళ పిస్టన్లే కరిగి అతుక్కుపోయాయి. స్క్రూ ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలకడగా ఉండకపోతే, థ్రాటిల్ వదిలినా వేగం తగ్గకపోతే క్రాంక్ సీళ్ళు గట్టిపడి గాలి చొరబడుతోందని అర్థం. సీళ్ళు మార్చకుండా దాన్ని నడపకూడదు.

క్లచ్ విప్పేటప్పుడు రెండు సంగతులు. చాలా రంపాల్లో క్లచ్ మర ఎడమవాటం. బిగించాల్సిన వైపు తిప్పితే ఊడుతుంది. పిస్టన్‌ను ఆపడానికి ఇనప ముక్క పెట్టకుండా, ఎగ్జాస్ట్ రంధ్రం మూసుకున్నాక ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని నూలు తాడు కొంత లోపలికి కూరండి. పిస్టన్ తాడు మీద ఆనుకుని ఆగుతుంది, దెబ్బ తగలదు. స్టార్టరు స్ప్రింగు విప్పేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి.

మెగ్నీషియం గురించి కచ్చితంగా తెలుసుకోవాలి. ఆ ఒళ్ళును వెనిగర్ లాంటి ఆమ్లాల్లో నానబెట్టకండి, లోహం కరిగిపోతుంది. గ్రైండరుతో రుద్దితే వచ్చే సన్నని పొడి సులువుగా అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట ఇంకా ఎగసిపడుతుంది. పొడి ఇసుక బకెట్టు ఒకటి పక్కన ఉంచుకోండి.

ఇక ఆయిలు పాళ్ళు. పాత రంపం మీద 16 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిలు అనో, 20కి ఒకటి అనో రాసి ఉంటుంది. అది అప్పటి మామూలు ఇంజన్ ఆయిలుకు చెప్పిన లెక్క. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిలుతో 32కి ఒకటి నేను చెప్పే పాలు. అమెరికా గ్యాలనుకు 4 ఔన్సులు, లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు. 50కి ఒకటి కొత్త రంపాలకు బాగుంటుంది, వీటికి అంత పిసినారితనం పనికిరాదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. ఇథనాల్ లేనిది దొరికే బంకు ఎక్కడుందో కనుక్కోండి, లేకపోతే డబ్బాల్లో అమ్మేది కొనుక్కోండి. డబ్బా పెట్రోలు ఖరీదే, కానీ అప్పుడప్పుడు నడిపే రంపానికి ఎంత పడుతుంది గనక.

చైన్‌కు పదును పెట్టడం విడిగా ఒక విద్య. ఇప్పుడు మనం వాడే పళ్ళ ఆకారం ఒరెగాన్‌లో పుట్టింది. జోసెఫ్ కాక్స్ అనే కలప కూలీ 1946లో ఒక దుంగను తొలుస్తున్న పురుగు దవడలను గమనించాడు. నారకు అడ్డంగా, నిలువుగా రెండు వైపులా అది సులువుగా తొలుచుకుపోతోంది. ఆ పోలికతో ఎడమ, కుడి వంపు పళ్ళున్న చైన్ చేసి 1947లో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో అమ్మకం మొదలుపెట్టాడు. అంతకుముందు చైన్లు చెక్కను గీరేవి, కాక్స్ చైన్ చెక్కలు చెక్కలుగా పెళ్ళగించింది. అదే ఒరెగాన్ చైన్ కంపెనీ. గుండ్రటి ఆకురాయితో, సాధారణంగా 30 డిగ్రీల వాలున, ప్రతి పంటికీ సమంగా లెక్కపెట్టుకుని లాగండి. 3/8 చైన్‌కు 7/32 అంగుళాల ఆకురాయి. పొట్టు పిండిలా వస్తుంటే పదును పోయింది, పెచ్చులు పెచ్చులుగా వస్తుంటే బాగుంది.

నడిపే రోజు

చైన్ బ్రేకు 1970లలో వ్యాపించింది. స్టిల్ తన క్విక్‌స్టాప్ బ్రేకును 1972లో తెచ్చింది. అంతకు ముందువాటికి బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలి రంపం మీ మొహం వైపు ఎగిరితే ఆపేది ఏదీ లేదు. మీ ఎడమ చేయి ఒక్కటే. ఎడమ బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టి పట్టుకోవాలి. తల, మెడ బార్ ఉన్న గీతలో లేకుండా ఎడమకు జరిగి నిలబడాలి. బార్ ముక్కుతో కొయ్యకూడదు. దుంగ కదలకుండా స్టాండులో బిగించి ఉండాలి. నిచ్చెన ఎక్కకూడదు, భుజం పైకి ఎత్తకూడదు. రంపాన్ని చేత్తో గాలిలో పట్టుకుని తాడు లాగే అలవాటు చూడడానికి దర్జాగా ఉంటుంది, మీరు మాత్రం నేల మీద ఆనించి స్టార్టు చేయండి.

కాళ్ళకు, చైన్‌ను ఆపే నారలతో చేసిన చాప్స్, జాలీ ఉన్న హెల్మెట్, బూట్లు. ఇవి రంపం కంటే ముందు కొనాలి. రంపం వంద డాలర్ల లోపే దొరకవచ్చు, రక్షణ సామాను దానికి రెండింతలు అవుతుంది. అదే సరైన లెక్క. చెవుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పాత చైన్‌సాల్లో చాలావాటి మోత నడిపేవాళ్ళ చెవి దగ్గర 110 డెసిబెల్స్ దాకా పోతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరకు పావుగంటే. 110 దగ్గరకు రెండు నిమిషాలు కూడా లేవు. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ పెట్టండి.

ఉద్యోగులకు ప్రత్యేకంగా చెప్పాల్సింది చేతుల గురించి. పాత రంపాల్లో చాలావాటికి కంపనాన్ని ఆపే రబ్బర్లు ఉండవు. ఆ రోజుల్లో ఏళ్ళ తరబడి వీటితో పనిచేసిన అడవి కూలీలకు చలిలో వేళ్ళు తెల్లబడి, స్పర్శ తెలియని జబ్బు వచ్చేది. వేళ్ళతో కీబోర్డు మీద బతికే మనం ఆ సంగతి మరచిపోకూడదు. ఒక ట్యాంకు పెట్రోలు కంటే ఎక్కువ ఒకరోజు నడపకండి. వేళ్ళు జివ్వుమంటే అప్పటికప్పుడు ఆపండి. మణికట్టు నొప్పి ముందే ఉన్నవాళ్ళు బాగుచేయడంతో ఆగి, నడపడం ఇంకొకరికి అప్పగించడం మంచిది. రాత్రి ఆన్-కాల్ చేసి నిద్ర చాలని మర్నాడు రంపం ముట్టుకోకండి. మూసిన గరాజ్‌లో ఇంజను ఒక్క నిమిషం కూడా నడపకండి. వేడినీళ్ళ గ్యాస్ హీటరు గరాజ్‌లోనే ఉండే ఇళ్ళు ఎన్నో. దాని పైలట్ మంటకు పెట్రోలు ఆవిరి చాలు. ట్యాంకు నింపడం, ఒంపడం రెండూ ఆరుబయటే.

సమయం, డబ్బు, వీసా

వారం మధ్యలో సాయంత్రం ముప్పావుగంట దొరికితే ఒక్క పనే పెట్టుకోండి. ఒకరోజు కార్బ్యురేటరు, ఇంకోరోజు పాయింట్లు. విప్పిన మరలన్నీ మూతలున్న చిన్న డబ్బాల్లో, పేరు రాసి. మొదటి రంపం సరిగ్గా నడిచేదాకా రెండోది కొననని మీకు మీరే మాటిచ్చుకోండి. గోడ నిండా నడవని రంపాలు వేలాడదీసిన గరాజ్‌లు నేను చాలా చూశాను. వాటి యజమానులకు యంత్రం గురించి తెలిసింది తక్కువ.

బాగుచేయడం వచ్చాక పక్కింటివాళ్ళు, స్నేహితులు తెస్తారు. డబ్బులిస్తామంటారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగాలి. ఆ వీసా మీ తరఫున దరఖాస్తు చేసిన కంపెనీలో పనిచేయడానికే అనుమతి ఇస్తుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి రంపం బాగుచేస్తే అది వేరే ఉద్యోగం కిందికి వస్తుంది. పని అనుమతి లేని హెచ్-4 వాళ్ళకూ అంతే. మీ సొంత రంపాన్ని ఎప్పుడో ఒకటి అమ్ముకోవడం వేరు, లాభం కోసం వరసగా కొని బాగుచేసి అమ్మడం వేరు. రెండోదాని జోలికి వెళ్ళాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకు ఈ చిక్కు లేదు గానీ, వచ్చిన లాభాన్ని పన్ను లెక్కలో చూపాలి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు పెట్రోలు నిల్వ పెట్టకూడదు. ఇల్లున్న స్నేహితుడి గరాజ్‌లో కలిసి మొదలుపెట్టవచ్చు. కాలనీ సంఘం నిబంధనలు, ఊరి శబ్ద నియమాలు చదువుకుని, పక్కింటివాళ్ళకు చెప్పి నడపండి. ఆదివారం పొద్దున్నే వద్దు.

రంపాన్ని మన ఊరికి తీసుకెళ్ళి పొలంలో వాడదామనే ఆలోచన కొందరికి వస్తుంది. పెట్రోలు పోసి వాడిన ఇంజన్లను విమానంలో సామానుగా మామూలుగా ఒప్పుకోరు. అదీకాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతులు కావాలి. రంపం ఉన్నచోటే ఉండనివ్వండి.

శీతకాలంలో దాచేటప్పుడు ట్యాంకు ఒంపేసి, మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా నడిపి, సిలిండరులో రెండు చుక్కల ఆయిలు వేయండి. చైన్ ఆయిలు ట్యాంకు కూడా ఒంపండి, లేకపోతే అల్మరా కింద మడుగు కడుతుంది. బార్ గాడిలో ఇరుక్కున్న పొట్టు గీకేయండి.

ఇంకొక్క పని. ఇది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు, నేను మాత్రం బతిమాలి చెబుతున్నాను. రంపం అమ్మే మనిషి దగ్గర కొంచెం సేపు కూర్చోండి. చాలామంది డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. దీన్ని ఎక్కడ కొన్నారు, ఏ అడవిలో వాడారు, ఏ చెట్లు కోశారు, ఎప్పుడు పక్కన పెట్టారు అని అడగండి. వాళ్ళకు చెవులు సరిగా వినపడవు, గట్టిగా అడగాలి. చెప్పినదాన్ని ఒక అట్టముక్క మీద తేదీతో సహా రాసి రంపం పిడికి కట్టండి. ఈ రంపాలతో పొట్టపోసుకున్న తరం వెళ్ళిపోతోంది. విడిభాగాలు రేపైనా ఎవరో తయారుచేస్తారు. ఆ అట్టముక్క మీద రాయాల్సింది మాత్రం ఈ ఏడాది అడగకపోతే మళ్ళీ దొరకదు.